'టీ ఆర్ కాఫీ'కి బాణం ఎటు గీస్తారు?

స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసమంటూ ఒక సందేశం ఏడాదికి రెండుసార్లయినా నా ఫోనుకు వస్తుంది. పంపేవాళ్లు మారతారు గానీ సందేశం మారదు. అందులో అయిదు 'రహస్యాలు' ఉంటాయి. ఒకటి: మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, గొంతుది 38, ముఖానిది 55. రెండు: ప్రశ్న అడిగితే వాక్యం చివర గొంతు పైకి లేవాలి, సంగతి చెబితే కిందికి దిగాలి. మూడు: ఇంగ్లీషు తాళం వేసినట్టు సమాన వ్యవధిలో నడుస్తుంది, తెలుగు మెషిన్ గన్‌లా టపటపా పేలుతుంది. నాలుగు: మామూలు వాక్యం చివర గొంతు లేపేవారికి ఆత్మవిశ్వాసం లేనట్టు. అయిదు: తెలుగులో గొంతు ఎగుడుదిగుళ్లకు పని లేదు కాబట్టి ఇంగ్లీషు 'రాగం' మనకు అంత సులువుగా పట్టుబడదు. చివర రెండు బాణాల బొమ్మ: పైకి ఒకటి, కిందికి ఒకటి.

పెద్దవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పడం నా వృత్తి. ఆ బాణాలు చేసే నష్టం నాకు తరగతిలో రోజూ వినబడుతుంది. అందుకే ఈ జవాబు.

మొదటిదాన్ని త్వరగా తేల్చేద్దాం. ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1967లో ప్రచురించిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చాయి. ఒకదాంట్లో 'మేబీ' అన్న ఒక్క మాటను ఇష్టంగా, అయిష్టంగా, ఏ భావమూ లేకుండా పలికించి రికార్డు చేశారు. ముఖాల ఫోటోలు చూపిస్తూ దాన్ని వినిపించారు. గొంతు ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతుంటే జనం దేన్ని నమ్ముతారన్నదే అక్కడి ప్రశ్న. మాట్లాడేది ఇష్టాయిష్టాల గురించి కాకపోతే ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టంగా చెప్పారు. మందుల దుకాణంలో 'పూటకు ఒకటి, భోజనం తర్వాత' అని చెప్పినప్పుడు అందులో మాటల విలువ 7 శాతమే అయితే రోగి బతికి బట్టకట్టేదెలా?

రెండోది అంత తేలిగ్గా వదిలేది కాదు. అందులో కొంచెం నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరం. అవును, కాదు అన్న జవాబు కోరే ప్రశ్నలకు ఇంగ్లీషులో గొంతు చాలాసార్లు పైకి వెళ్తుంది. కానీ ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అని అడిగే ప్రశ్నలకు మామూలుగా కిందికే దిగుతుంది. బ్రిటన్‌లోనైనా అమెరికాలోనైనా పాఠ్యపుస్తకాలు చెప్పేది ఇదే.

మా తరగతికి వచ్చే ఒక కుర్రవాడు హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తాడు. బాణాల సూత్రాన్ని శ్రద్ధగా ఒంటపట్టించుకున్నవాడు. విదేశాల నుంచి వచ్చిన అతిథులను 'వాట్ ఈజ్ యువర్ నేమ్' అని అడుగుతూ 'నేమ్' దగ్గర గొంతును మెల్లగా పైకి తీసుకుపోతాడు. ఇంగ్లీషువాళ్లు ఆ తీరులో అడగరని కాదు, అడుగుతారు. తప్పిపోయిన చిన్నపిల్లవాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని బుజ్జగిస్తూ పేరు అడిగేటప్పుడు. అరవై ఏళ్ల పెద్దమనిషికి అది ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి. పోనీ, గొంతును చివర కాకుండా 'వాట్' దగ్గరే ఎత్తాడనుకుందాం. అప్పుడు అర్థం పూర్తిగా మారిపోతుంది: 'ఏమన్నారు? పేరు సరిగా వినబడలేదు, మళ్లీ చెప్పండి' అని. ఇంకా పేరే చెప్పని మనిషిని అలా అడిగితే ఆయన తెల్లమొహం వెయ్యక ఏం చేస్తాడు?

ఇక 'టీ ఆర్ కాఫీ' సంగతి. 'టీ' దగ్గర గొంతు లేచి 'కాఫీ' దగ్గర దిగితే, రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోమని. రెండు చోట్లా లేస్తే, వేడిగా ఏమైనా తాగుతారా అని. మొదటిదానికి 'యెస్' అని జవాబిస్తే అడిగినవారు నవ్వుతారు, రెండోదానికి అదే సరైన జవాబు. అక్షరం ముక్క తేడా లేదు, రెండూ ప్రశ్నలే. ఒకటి కిందికి దిగుతుంది, ఇంకొకటి పైకి లేస్తుంది. సందేశంలోని బాణాన్ని దేనికి తగిలించాలి?

ఇదే రెండింటినీ తెలుగులో అడిగి చూడండి. 'టీనా, కాఫీనా?' అనేది ఒకటి. 'టీ గానీ కాఫీ గానీ తాగుతారా?' అనేది ఇంకొకటి. మనం గొంతును నమ్ముకోలేదు. 'నా' ఎక్కడ పెట్టాలో, 'గానీ' ఎక్కడ పెట్టాలో వాక్యమే చూసుకుంది. అసలు విషయం ఇక్కడుంది. తెలుగులో ఒక చిన్న అక్షరం చేసే పనిని ఇంగ్లీషు చాలాచోట్ల గొంతుతో చేస్తుంది. దీన్ని భావోద్వేగం అనో, మాటల మీద పూసిన మెరుగు అనో అనుకుంటే దారి తప్పినట్టే. మన ప్రత్యయాలు ఎంత వ్యాకరణమో అదీ అంతే వ్యాకరణం.

ఇంకొకటి చూడండి. 'ఐ డోంట్ లెండ్ మై బుక్స్ టు ఎనీబడీ.' చివరి మాట మీద గొంతు తిన్నగా దిగిపోతే, 'నా పుస్తకాలు ఎవరికీ ఇవ్వను' అని. దిగి మళ్లీ కొంచెం లేస్తే, 'ఎవరికి పడితే వారికి ఇవ్వను' అని. మొదటిది విన్నవాడు ఇంటికి పోతాడు, రెండోది విన్నవాడు తాను ఆ ఎవరికి పడితే వారిలో ఒకడు కాదని నిరూపించుకోవడానికి ఇంకో అరగంట కూర్చుంటాడు. తెలుగులో వీటికి రెండు వేర్వేరు వాక్యాలు కావాలి, ఇంగ్లీషుకు గొంతులో చిన్న వంపు చాలు. ఆ దిగి లేచే వంపు మన 'అయితే'కు, 'మాత్రం'కు చాలా దగ్గర బంధువు. పెళ్లి ఎలా జరిగిందని అడిగితే 'ద ఫుడ్ వాజ్ గుడ్' అని, 'ఫుడ్' మీద ఆ వంపు తిప్పారనుకోండి. 'భోజనాలైతే బాగున్నాయి' అన్నట్టే. మిగతావి అడక్కండి అని వేరే చెప్పనక్కర్లేదు.

సందేశం అసలు ముట్టుకోనే ముట్టుకోని సంగతి ఇంకొకటుంది. గొంతు ఎటు పోవాలన్నది రెండో ప్రశ్న. ఎక్కడ కదలాలన్నది మొదటి ప్రశ్న. ఆఫీసులో ఎవరో 'సోమవారం ఆ మెయిల్ ఎవరు పంపారు?' అన్నారు. తెలుగులో 'నేనే పంపాను' అంటాం, ఒక్క 'ఏ'తో పని అయిపోతుంది. ఇంగ్లీషులో 'ఐ సెంట్ ఇట్ ఆన్ మండే' అనాలంటే 'ఐ' మీద ఊనిక వేసి, అంటే ఆ మాటను ఒత్తి పలికి, గొంతును అక్కడే దింపి, మిగతా మాటలన్నిటినీ నేలకు అణిచినట్టు చెప్పాలి. మా తరగతిలో నూటికి తొంభైమంది అని అతిశయోక్తిగా అనబోయాను గానీ, చాలామంది అనుకుందాం, అన్ని మాటల్నీ సమానంగా చెప్పి 'మండే'ను గట్టిగా కొడతారు. విన్నవాడికి అది 'మంగళవారం కాదు, సోమవారమే పంపాను' అని వినిపిస్తుంది. అతను అడిగింది రోజు గురించి కాదు. వ్యాకరణం తప్పలేదు, ఉచ్చారణ తప్పలేదు, జవాబు మాత్రం వేరే ప్రశ్నకు వెళ్లింది.

లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో ఎస్కలేటర్ల దగ్గర ఒక బోర్డు ఉండేది: 'డాగ్స్ మస్ట్ బి క్యారీడ్.' భాషాశాస్త్రవేత్త మైకేల్ హాలిడే దాన్ని ఉదాహరణగా వాడి ప్రసిద్ధం చేశారు. 'క్యారీడ్' మీద ఊనిక వేస్తే, కుక్క వెంట ఉంటే ఎత్తుకోండి అని. 'డాగ్స్' మీద వేస్తే, ఎస్కలేటర్ ఎక్కాలంటే ఒక కుక్కను చంకన పెట్టుకుని రావలసిందే అని! బోర్డుకు గొంతు ఉండదు కాబట్టి చదివేవాడే దాన్ని సమకూర్చుకోవాలి. అదే హాలిడే 1960ల్లో ఈ వ్యవహారాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: మాటల ప్రవాహాన్ని ఎక్కడెక్కడ విరవాలి, ఒక్కో ముక్కలో ఊనిక ఎక్కడ వెయ్యాలి, అక్కడ గొంతు ఎటు కదలాలి. బాణాల బొమ్మ మూడోదాన్ని పట్టుకుని వేలాడుతుంది, అదీ సగమే.

గొంతు ఒక్కటే మొత్తం బరువు మోసే సందర్భం కావాలంటే 1970ల్లో లండన్ హీత్రో విమానాశ్రయంలో జరిగినది చూడాలి. ఉద్యోగుల క్యాంటీన్‌లో కొత్తగా చేరిన భారత, పాకిస్తాన్ మహిళలు దురుసుగా ఉంటున్నారని ఫిర్యాదులు వచ్చాయి. పరిశీలించడానికి వెళ్లిన జాన్ గంపర్జ్ అనే భాషాశాస్త్రవేత్తకు కనబడింది ఒక్క మాట. మాంసం తీసుకున్నవారిని గ్రేవీ వెయ్యమంటారా అని అడగాలి. బ్రిటిష్ మహిళ 'గ్రేవీ' అని గొంతు లేపి అడిగేది. వీళ్లు అదే మాటను గొంతు దించి అనేవారు. వినేవారికి అది 'వెయ్యమంటారా?' అన్నట్టు కాక, 'ఇదిగో గ్రేవీ, కావాలంటే తీసుకో, లేకపోతే పో' అన్నట్టు వినిపించేది. రికార్డు చేసి వినిపించినప్పుడు ఆ మహిళలకు మొదట తేడాయే తెలియలేదు. తాము అడిగే పద్ధతే అది. తేడా బయటపడ్డాక ఇంకొక సంగతి తేలింది: ఎదుటివాళ్లు తమను చిన్నచూపు చూస్తున్నారని వాళ్లూ అంతకాలంగా బాధపడుతున్నారు. ఆ ఒక్క మాటలో క్రియ లేదు, ప్రశ్నను గుర్తుపట్టే ఏ అక్షరమూ లేదు. ఇక్కడ గొంతు లేపాల్సిందేనని నేనూ ఒప్పుకుంటాను. వాక్యం లేనిచోట గొంతే వాక్యం కాబట్టి లేపాలి, ప్రశ్న అన్నది కనబడగానే లేపాలని కాదు.

మూడో రహస్యానికి మంచి చరిత్రే ఉంది. మెషిన్ గన్ పోలిక 1940లో లాయిడ్ జేమ్స్ అనే ధ్వనిశాస్త్రవేత్త వాడినది. ఒక ఊనికకూ ఇంకో ఊనికకూ మధ్య సమాన వ్యవధి ఉండే భాషలు కొన్ని, అక్షరానికీ అక్షరానికీ మధ్య సమాన వ్యవధి ఉండేవి కొన్ని అని భాషాశాస్త్రవేత్త కెన్నెత్ పైక్ 1945లో ఆ ఆలోచనకు రూపం ఇచ్చారు. 1967లో డేవిడ్ ఆబర్‌క్రాంబీ రెండో జట్టుకు ఉదాహరణలుగా ఫ్రెంచితో, ఆఫ్రికా భాష యొరుబాతో పాటు మన తెలుగును చేర్చారు. ఇంగ్లీషు, రష్యన్, అరబ్బీ మొదటి జట్టు. చాలా పుస్తకాల్లో తెలుగు పేరు కనబడేది ఈ ఒక్క సందర్భంలోనే కాబట్టి కొంచెం గర్వపడవచ్చు, పొరపాటున వచ్చిన పేరైనా. 1982లో పీటర్ రోచ్ సరిగ్గా ఆ ఆరు భాషల్నీ రికార్డు చేసి కొలిచి చూశారు. ఆ విభజనకు కొలతల్లో ఆధారం దొరకలేదు. ఇంగ్లీషు ఊనికల మధ్య వ్యవధి సమానంగా లేదు, మన అక్షరాలూ సమానంగా లేవు.

మనకు దీనికోసం రికార్డర్ అక్కర్లేదు. ఛందస్సు చదివినవాడెవడూ తెలుగు అక్షరాలన్నీ ఒకే పొడవు అని ఒప్పుకోడు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. 'పలక'కూ 'పాలక'కూ తేడా ఆ ఒక్క మాత్రే. నిజమైన తేడా వేరేచోట ఉంది. ఊనిక లేని అక్షరాల్లో ఇంగ్లీషు అచ్చుల్ని నలిపేస్తుంది, 'బనానా'లో మొదటి, చివరి అచ్చులు దాదాపు మాయమవుతాయి. తెలుగు మామూలుగా అచ్చుల్ని అంతలా నలపదు. నేర్చుకోవాల్సింది ఆ నలపడం. తాళం వేసుకుంటూ చదవమనే తరగతుల్లో పిల్లలు చప్పట్లు బాగా నేర్చుకుంటారు.

నాలుగో దానికి ఒక్క ఊరు చాలు: బెల్‌ఫాస్ట్. అక్కడివాళ్లు మామూలు వాక్యాలను గొంతు లేపే ముగిస్తారు. లివర్‌పూల్, గ్లాస్గో, న్యూకాసిల్‌లలోనూ ఆ తీరు వినబడుతుంది. ఓడలు కట్టిన ఆ ఊళ్లన్నిటికీ ఆత్మవిశ్వాసం లేదని ఎవరైనా అంటారా? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కథ చెబుతూ చెబుతూ మధ్యలో గొంతు లేపితే 'వింటున్నారా, అర్థమవుతోందా' అని. మన 'కదా', 'తెలుసా' చేసే పనే. ఇది ఆడవాళ్ల తడబాటు అన్న అభిప్రాయం 1975లో భాషాశాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ రాసినదాని నుంచి బాగా పాకింది. నాకు తెలిసినంతలో దాన్ని ఎక్కువగా ప్రచారం చేసేది ఇంటర్వ్యూలకు తయారుచేసే శిక్షకులు, బెల్‌ఫాస్ట్ వైపు ఎన్నడూ వెళ్లనివాళ్లు.

ఇక తెలుగుకు గొంతుతో పని లేదన్న అయిదోది. ప్రత్యయాలు చాలా బరువు మోస్తాయన్నది నిజం, మొత్తం మోస్తాయన్నది అబద్ధం. గంట ఆలస్యంగా వచ్చినవాడితో 'ఎంత తొందరగా వచ్చావు!' అంటాం, అందులో ఏ ప్రత్యయం తిట్టింది? మన ఆలంకారికులు దీన్ని ఏనాడో పట్టుకుని కాకువు అన్నారు, వక్రోక్తి అనే అలంకారం భేదాల్లో కాకువక్రోక్తి అని చోటు ఇచ్చారు. గొంతు మార్పుతో అర్థం మారడానికి సొంత పేరున్న సంప్రదాయం మనది. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మనకు చెవులు లేవన్నట్టు మాట్లాడటం వింతగా ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే మా అమ్మ ఫోను మాట్లాడేటప్పుడు మా ఇంటికి రండి. అయిదు నిమిషాల సంభాషణలో ఆవిడ వంతు 'ఊఁ' ఒక్కటే. ఒకటి పొడుగ్గా సాగుతుంది, ఒకటి పైకి లేస్తుంది, ఒకటి సగంలో ఆగుతుంది, చివరిది నేలకు దిగి అక్కడే కూర్చుంటుంది. వంటింట్లో ఉన్న నాకు అవతల ఉన్నది మా పిన్ని అనీ, అప్పు అడుగుతోందనీ, అమ్మ ఇవ్వబోవడం లేదనీ తెలిసిపోతుంది.