కన్నెస్వామికి నోరెందుకు?

అయ్యప్ప దీక్షకు ఇప్పటికే బోలెడు నియమాలున్నాయి. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, కాళ్లకు చెప్పుల్లేవు, గడ్డం గీయకూడదు. వీటికి ఇంకొక్కటి కలపాలని నా మనవి. మండలం 41 రోజులూ తోటి స్వామికి మనసులో మాట చెప్పడం నిషేధించాలి.

ఎందుకంటారా? మా పీఠంలో ఇన్నేళ్లూ ఎంత ప్రశాంతంగా ఉండేవాళ్లమో! ఎవరేం చేసినా 'స్వామి శరణం' అనుకునేవాళ్లం. మాల వేసుకున్న రోజే ఒకాయన బీపీ మాత్రలు ఆపేస్తే 'అయ్యప్పే చూసుకుంటాడు స్వామీ' అన్నాం అందరం, ఆ మాటకు ఖర్చు లేదు, పైగా పుణ్యం.

మొన్న మా ఇంట్లో భిక్ష. ఈ ఏడే మాల వేసుకున్న కుర్రాడు, కన్నెస్వామి, విస్తరి ముందు కూర్చుని ఆ బీపీ స్వామితో అంటాడూ, "స్వామీ, పంబ నుంచి పైకి దాదాపు ఐదు కిలోమీటర్ల ఎక్కుడు. నీలిమల, అప్పాచిమేడు దగ్గర గుండె జబ్బుల సెంటర్లు ఊరికే పెట్టలేదు కదా. మీరంటే ఇష్టం కాబట్టి చెబుతున్నా, మాత్ర వేసుకోండి, రోజూ కాస్త నడవండి."

పప్పు మీద నెయ్యి వడ్డిస్తున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇది శాస్త్ర విరుద్ధం కూడా. సన్నిధానంలో 'తత్త్వమసి' అని రాసి ఉంటుంది, అంటే ఎదుటివాడూ దేవుడే. మరి దేవుడికి సలహా చెప్పేదెవడండీ? పదకొండుసార్లు కొండెక్కినవాణ్ణి, వీణ్ణి దారిలో పెడదామని "నా దీక్షలో ఏమైనా లోపం కనిపిస్తోందా స్వామీ?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"మీరు నాలుగింటికి లేస్తారు స్వామీ, మాతగారు మూడున్నరకే లేస్తారు. వంటిల్లు కడగడం, మీ నల్లబట్టలు ఉతకడం, ఇరవై మందికి భిక్ష వండడం, అన్నీ ఆవిడే. మాల మీ మెడలో ఉంది గానీ..." అని ఆగి, చారు పోయమన్నాడు.

వంటింట్లో మా ఆవిడ చేతిలో గ్లాసు కింద పడింది. చెయ్యి జారిందట. నవ్వినట్టు కూడా వినిపించింది, విచారిస్తున్నాను.

ఆ బీపీ స్వామి మళ్లీ మాత్రలు మొదలుపెట్టాడని, పార్కులో వట్టి కాళ్లతో నడుస్తున్నాడని తెలిసింది. చూశారా, ఒక్క మాటతో భక్తి ఎలా సడలిపోతుందో! నేను మాత్రం చలించలేదు. నిన్న రాత్రి గిన్నెలు తోమిన మాట నిజమే, అయితే అది వాడు చెప్పినందుకు కాదు, పనిమనిషి రానందుకు.