ఓడదొంగ అడిగిన పెట్టె

ఈ వేసవిలో మన సంఘం పిల్లల శిబిరంలో నిధి వేట ఆడించారు. కంటికి నల్లగుడ్డ, చేతిలో అట్టకత్తి, ఓ పాత పటం, చివర బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ల పెట్టె. పిల్లలు మహా సంబరపడ్డారు. ఆట మీద నాకు అభ్యంతరం లేదు. మనం ఉంటున్నది నార్త్ కరోలినాలో. ఓడదొంగల అసలు కథ జరిగిన తీరం కారులో కొన్ని గంటల దూరమే. అయినా ఆ కథ పిల్లలకు ఎవరూ చెప్పలేదే అన్నదే నా బాధ.

1718 మే నెలలో బ్లాక్‌బియర్డ్‌గా పేరుపడ్డ ఎడ్వర్డ్ టీచ్ అనే ఓడదొంగ మన పక్క రాష్ట్రంలోని చార్లెస్టన్ రేవును దిగ్బంధించాడు. వచ్చీపోయే ఓడలను దోచి, ప్రయాణికులను బందీలుగా పట్టుకున్నాడు. వాళ్లను వదిలిపెట్టడానికి అతడు ఊరివాళ్లను అడిగింది బంగారం కాదు, మందుల పెట్టె! నెలల తరబడి సముద్రం మీద గడిపేవాళ్లకు గాయాలు, జ్వరాలు, సుఖవ్యాధులు తప్పేవి కావు. మరికొన్ని రోజులకు అతడి ఓడ మన రాష్ట్రంలోని బోఫోర్ట్ దగ్గర ఇసుక మేటకు తగిలి ఆగిపోయింది. ఆ శిథిలాలు 1996లో దొరికాయి. వాటిలో దొరికిన, సుఖవ్యాధుల చికిత్సకు వాడే సిరంజిని చూస్తే, ఆ మందుల పెట్టె ఎందుకు కావలసివచ్చిందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఓడ అంతకుముందు ఆఫ్రికా మనుషులను బానిసలుగా తరలించిన ఫ్రెంచి ఓడ. ఈ మాట పెద్దపిల్లలకైనా చెప్పాలి.

నిధిని పాతిపెట్టడం చాలా అరుదు. 1699లో కెప్టెన్ కిడ్ అనే ఓడదొంగ న్యూయార్క్ దగ్గరి గార్డినర్స్ దీవిలో కొంత దాచాడు, అధికారులు దాన్ని తవ్వి తీసుకున్నారు. మిగతావాళ్లు దోచింది పంచుకుని ఖర్చుపెట్టేశారు. ఆ పంపకానికి కట్టుబాట్లుండేవి. బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనే ఓడదొంగ నడిపిన ఓడలో ప్రతి ఒక్కరికీ ఓటు ఉండేది, జూదం నిషేధం, రాత్రి ఎనిమిదికి దీపాలు ఆర్పాలి, అవయవం పోయినవాడికి పరిహారం ఇచ్చేవారు. వర్తక ఓడల్లో కొరడా దెబ్బలు తిని, జీతం ఎగ్గొట్టించుకున్న నావికులకు ఇది ఎంత పెద్ద ఆశో ఊహించండి. అలాగని వాళ్లను వీరులను చేయలేను.

ఎందుకంటే 1695 నాటి గంజ్-ఇ-సవాయి ఓడ ఉదంతం ఉంది. మక్కా యాత్ర ముగించుకుని సూరత్‌కు తిరిగివస్తున్న ఆ మొగలు ఓడను హెన్రీ ఎవరీ అనే ఆంగ్ల ఓడదొంగ ముఠా పట్టుకుంది. రోజుల తరబడి మనుషులను హింసించింది, స్త్రీలను చెరిచింది. మానం కాపాడుకోవడానికి కొందరు స్త్రీలు సముద్రంలో దూకారని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఔరంగజేబు ఆగ్రహించి సూరత్‌లోని ఆంగ్ల వర్తకులను బంధించాడు. హెన్రీ ఎవరీ మాత్రం ఎప్పటికీ దొరకలేదు. ఇంగ్లండులో అతడి మీద పాటలు కట్టుకున్నారు. ఆ యాత్రికుల పేర్లు మాత్రం ఎవరూ తలవరు.

శిబిరం నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది నిధి వేట తర్వాత పదేళ్లు దాటిన పిల్లలను బోఫోర్ట్‌లోని సముద్ర మ్యూజియానికి తీసుకెళదాం. బ్లాక్‌బియర్డ్ ఓడలో దొరికిన వస్తువులు ఎన్నో అక్కడ ఉన్నాయి. ఒక శనివారం సరిపోతుంది, కారు నడపడానికి నేను సిద్ధం.