గింజల మిక్స్‌తో సరిపెట్టకండి

రంగురంగుల గింజలు, ఎండుపండ్లు కలిపిన మిక్స్ ప్యాకెట్ కుందేలుకు సంపూర్ణాహారమని ఓ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. కుందేలు అందులో తియ్యటివన్నీ ఏరుకు తిని, పీచున్నవి వదిలేస్తుంది. ప్యాకెట్ మీది లెక్క ఒకటి, పొట్టలోకి వెళ్లేది ఇంకొకటి. అన్నీ ఒకేలా ఉండే పెల్లెట్లు, అంటే మేతను పొడిచేసి నొక్కిన గుళికలు, నయం. పీచు 18 శాతానికి తగ్గకూడదు. అవైనా కుందేలు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు చాలు. అసలు తిండి ఎండుగడ్డే, ఎప్పుడూ ముందు ఉండాల్సిందే. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. ఎండుగడ్డిగా అమ్మే తిమోతి రకం గడ్డి ఖరీదంటారా, పురుగుమందు కొట్టని చోట కోసిన గరిక ఉందిగా! లూసర్న్ (అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం) మాత్రం కుందేలు పిల్లలకే. పెద్దవాటికి కాల్షియం ఎక్కువైపోతుంది. క్యారెట్టా? అది కార్టూన్ కుందేలు తిండి! మన కుందేలుకు ఎప్పుడైనా ఓ చిన్న ముక్క, అంతే.