షుగర్ రిపోర్టు సరే, నడుము కొలత ఏది?

పొద్దున్నే పరగడుపున గుంటూరు కొత్తపేటలో ఏ ల్యాబ్ ముందైనా కాసేపు నిలబడండి. వచ్చేవాళ్లందరూ లావుగా ఏమీ ఉండరు. సన్నటి కాళ్లూ చేతులూ, పొట్ట దగ్గర మాత్రం బిగుసుకుపోయిన చొక్కా గుండీలు. ‘నేను లావు కాదు కదండీ, నాకెందుకొచ్చింది షుగర్?’ అని డాక్టర్లను అడిగేది ఎక్కువగా వీళ్లే.

జవాబు ఆ గుండీల వెనకే ఉంది. కొవ్వంటే వాడుకోగా మిగిలిన శక్తి నిల్వ, అంతే అని వైద్యశాస్త్రం కూడా చాలాకాలం అనుకుంది. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును కనిపెట్టాక ఆ లెక్క మారింది. నిల్వలు చాలినన్ని ఉన్నాయని మెదడుకు చెప్పే ఈ హార్మోన్‌ను వదిలేది కొవ్వు కణాలే. ఇంకేం, ఇంజెక్షన్‌తో ఊబకాయం తగ్గించేయొచ్చని ఆశపడ్డారు. తీరా చూస్తే చాలామంది ఊబకాయుల రక్తంలో లెప్టిన్ అప్పటికే ఎక్కువగా ఉంది. మెదడే దాని మాట వినడం లేదు.

షుగర్ విషయంలో ఇంకా ముఖ్యమైనది అడిపోనెక్టిన్ అనే మరో హార్మోన్. కాలేయం, కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించేలా చూసేది ఇదే. తయారుచేసేది కొవ్వు కణాలే అయినా, కొవ్వు పెరిగేకొద్దీ, అందులోనూ పేగుల చుట్టూ పేరుకునేకొద్దీ, ఇది తగ్గిపోతుంది. ఉబ్బిన కణాలు వాపు పుట్టించే రసాయనాలను వదులుతాయి. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి రక్తం నేరుగా కాలేయానికే వెళ్తుంది. తొడల మీది కొవ్వుతో ఈ బాధ ఇంత ఉండదు.

పియోగ్లిటాజోన్ అనే పాత షుగర్ మాత్ర సంగతి చూడండి. అది వాడితే చాలామంది కాస్త బరువు పెరుగుతారు, అయినా షుగర్ తగ్గుతుంది. కాలేయంలో కొవ్వు తగ్గి, చర్మం కింద పెరుగుతుంది, అడిపోనెక్టిన్ కూడా పెరుగుతుంది. అంటే ఎన్ని కిలోలు ఉన్నామన్నదే కాదు, కొవ్వు ఎక్కడ ఉందన్నదీ చూడాలి. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫొటోతోనే దీన్ని చూపించారు. ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మనాయనకు 21.2.

అలాగని అడిపోనెక్టిన్ టెస్టుకు పరిగెత్తక్కర్లేదు. ఆ అంకె చూసి డాక్టరు మందు మార్చేదేమీ ఉండదు, డబ్బు దండగ. టైలర్ టేపు చాలు. మనవాళ్లకు మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే జాగ్రత్త పడాలి. ప్యాంటు సైజు చెబితే కుదరదు, బెల్టు పొట్ట కిందికి జారి ఏళ్లయి ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి లాగకుండా! దాంతోపాటు బీపీ, పరగడుపు షుగర్, రక్తంలో కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ చూసి, అయిదింటిలో మూడు తేడాగా ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, అంటే షుగర్, గుండెజబ్బుల ముప్పు పెంచే తేడాలన్నీ ఒక్కచోట చేరడం.

విచిత్రమేమిటంటే, పల్లెల్లో 30 దాటినవాళ్లకు ఆశా కార్యకర్త నింపే ఫారంలో నడుము కొలతకు గడి ఉంది. వేలు పోసి చేయించుకునే హెల్త్ చెకప్ రిపోర్టుల్లో చాలావాటిలో అది కనిపించదు. ఉచిత శిబిరాల్లోనూ బరువు, బీపీ, షుగర్‌తో సరి. టేపు ఖరీదుతో వచ్చిన చిక్కు కాదిది. నలుగురిలో నడుము కొలిపించుకోవడానికి ఆడవాళ్లు ఇబ్బంది పడతారు. శిబిరం పెట్టేవాళ్లు ఒక తెర కట్టి, లోపల ఒక నర్సును కూర్చోబెడితే ఆ చిక్కు తీరుతుంది.