ఉప్పుగాలి గారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం స్వాగత సంఘం శాశ్వత అధ్యక్షులు ఉప్పుగాలి గారికి నమస్కారాలు.

వచ్చినవాణ్ణి కాదనని ఊరని మాకు పేరు. హార్బరు దగ్గర మూడు కొండలు: ఒకదాని మీద వెంకన్న గుడి, ఇంకోదాని మీద దర్గా, మూడోదాని మీద మేరీమాత చర్చి. బర్మా నుంచి వచ్చినవాళ్ల పేరుతో బర్మా క్యాంపే ఉంది. నేవీకి, స్టీల్ ప్లాంటుకి వచ్చిన ఒడియాలు, బెంగాలీలు, మలయాళీలు ఎందరో ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. అయినా అద్దెకిచ్చే ముందు "మీరేవిట్లు?" అని కులం ఆరా తియ్యని ఓనరు అరుదు. తమరికా పట్టింపు లేదు. బండిది ఏ రాష్ట్రం నంబరైనా, చైనుకి తుప్పు పట్టించే మొదటి చెయ్యి తమరిదే.

గేటు రంగు విషయంలో తమరి ప్రతిభ అమోఘం. పెయింటరు పొడిగుడ్డతో తుడిచి రంగు పూసి వెళ్లిపోతాడు. అడుగున తమరు చల్లిన ఉప్పు అలాగే ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటగానే అది నీళ్లు పీల్చి బొబ్బలు లేపుతుంది. వైరుబ్రష్షుతో తుప్పు గీకి, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాక ఎమెరీ కాగితం పట్టి, అదే పూట రెడాక్సైడ్ ప్రైమరు కొట్టాలి. ఆపైన ఎనామెల్ రెండు పూతలు. ప్రైమరు రేపు చూద్దాంలే అంటే, రాత్రికి రాత్రే తమరి ఎర్రపూత ఉచితం.

ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌లో రాగిగొట్టం, అల్యూమినియం రేకులు కలిసి కాపురం చేస్తుంటే తమరు చూడలేరు. ఉప్పుతడి తగిలించి తగువు పెడతారు, పొడిపొడిగా రాలిపోయేది పాపం అల్యూమినియమే. నెలకోసారి కరెంటు ఆపి, మెల్లగా మంచినీళ్లు కొడితే తమరి జోరు కొంత తగ్గుతుంది. సముద్రం వైపు గోడకి బిగించినవాళ్లు మాత్రం మెకానిక్‌తో చుట్టరికం కలుపుకోవడం మేలు. బాల్కనీకి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగు పెడితే గోధుమరంగు మరకలు తప్పవు. 316 రకం నయం, అందులో తుప్పుని అడ్డుకునే మాలిబ్డినం అనే లోహం 2-3 శాతం ఉంటుంది. కానీ రేటు వినగానే చాలామంది మరకలకే ఓటేస్తారు.

స్లాబు సంగతికొస్తే నవ్వు రాదు. తమరు కాంక్రీటులోంచి ఇంకి కడ్డీని అందుకుంటే, పుట్టే తుప్పుకి ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి, ఆ తోపుకి పెచ్చులు ఊడి నెత్తిన పడతాయి. తీరప్రాంతంలో సముద్రగాలి నేరుగా తగిలే చోట కడ్డీకి 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలని కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 చెబుతుంది. 20 చాలంటాడు మేస్త్రీ. ఊడినచోట సిమెంటు మెత్తి సున్నం కొట్టేస్తే లోపల తమరి పని చల్లగా సాగుతూనే ఉంటుంది. కడ్డీ వెనకవైపు దాకా పాత కాంక్రీటు చెక్కేసి, ఇనుము మెరిసేలా గీకి అప్పుడు పూడ్చాలి. అంత ఓపిక ఎవరికుందిలెండి!

కొత్తగా దిగినవాళ్ల జాబితా జతచెయ్యడం లేదు. వాళ్ల సామాను లారీ దిగకముందే తమరు పలకరిస్తారు కదా.

ఇట్లు,
తమరి ఆతిథ్యంలో ఉన్న గేట్ల, బండ్ల, ఏసీల యజమానులు