వెడల్పు ఒక్కటే చూసి కొనకండి

పౌడర్‌లో, అంటే కొత్తగా పడ్డ మెత్తటి మంచులో, తేలాలంటే ఆడవాళ్ళు 100 మి.మీ. పైన నడుము వెడల్పున్న (పాదం కింద, మధ్య భాగంలో ఉండే వెడల్పు) స్కీలే కొనాలని ఆడవాళ్ళ స్కీల గురించి వచ్చిన వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అమెరికాలోని యూటాలో, ఆల్టా, స్నోబర్డ్ లాంటి పేరున్న స్కీ కొండల మీద కూడా కొత్త మంచు పడ్డ రోజు మధ్యాహ్నానికల్లా అంతా తొక్కుడుపడిపోతుంది. మిగతా రోజుల్లో మనం ఎక్కువగా జారేది యంత్రంతో చదును చేసిన గ్రూమ్డ్ రన్‌ల మీదే. అక్కడ వెడల్పాటి స్కీని ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిప్పడం ఆలస్యమవుతుంది, మోకాళ్ళకి శ్రమ కూడా.

ఒక్క జతే కొనేవాళ్ళకి 90 నుంచి 98 మి.మీ. మధ్య మేలని నా అభిప్రాయం. బ్లిజార్డ్ కంపెనీ స్కీ బ్లాక్ పెర్ల్ 88 (పేరులోని అంకె నడుము వెడల్పు) గట్టి మంచు మీద హాయిగా ఉంటుంది, లోతు పౌడర్‌లో మాత్రం మునుగుతుంది. నార్డికా కంపెనీ సాంటా ఆనా 98లో లోహపు పొర ఉంది కాబట్టి వేగంలో వణకదు, కానీ అది కాళ్ళలో బలం అడుగుతుంది.

వ్యాసం అసలు ముట్టుకోనిది రాకర్ (స్కీ కొన పైకి లేచి ఉండడం), పొడవు. ముందు కొన పైకి లేచి, పాదం కింద కాంబర్ (మధ్య భాగం విల్లులా కాస్త పైకి వంగి ఉండడం) ఉంటే రెండు రకాల మంచుకీ పనికొస్తుంది. అయితే కొన లేచిన స్కీ చదును మంచుని తక్కువ పొడవునే తాకుతుంది. అందుకే బాగా జారగలిగిన అమ్మాయికి గడ్డం దాకా వచ్చే కురచ జత ఇవ్వకూడదు. ముక్కుకీ నుదుటికీ మధ్య ఎత్తుండాలి. షాపుల్లో ఆడవాళ్ళనగానే పొట్టివే చూపిస్తారు, గట్టిగా అడగండి. వీలైతే డెమో జత, అంటే కొనేముందు వాడి చూడ్డానికిచ్చే జత, అద్దెకి తీసుకుని, మంచు పడ్డ రోజొకటి, పడని రోజొకటి జారి చూశాకే డబ్బు పెట్టండి.