ఏ ఫ్రాంచైజీ మేలు? కంపెనీకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు చూడండి

కడపలో నేను చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. హోటళ్లు, బేకరీలు, టీ స్టాళ్ల వాళ్లే ఎక్కువగా వస్తుంటారు. కొన్నాళ్లుగా ఒక ప్రశ్న పదేపదే వినపడుతోంది: "అన్నా, ఏ బ్రాండ్ ఫ్రాంచైజీ తీసుకుంటే మేలు?" ఫ్రాంచైజీ అంటే ఒక కంపెనీ పేరుతో, అది చెప్పిన పద్ధతిలో, మన డబ్బుతో షాపు పెట్టడం. అడిగేది చాలావరకు ఇంజినీరింగ్ చదివి, బెంగళూరులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, ఇంటికి తిరిగొచ్చిన పిల్లలు. పక్కన తండ్రి ఉంటాడు. ఆయన దగ్గర ప్లాటు అమ్మిన డబ్బో, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బో ఉంటుంది.

సంక్రాంతి అయ్యాక అలాంటి తండ్రీకొడుకులే వచ్చారు. కొడుకు ఫోన్‌లో ఐదు బ్రోచర్లు ఉన్నాయి: బర్గర్లు, ఫ్రైడ్ చికెన్, పిజ్జా, మోమోలు, షవర్మా. "వీటిలో ఏదైతే నడుస్తుందన్నా?" అన్నాడు. తండ్రి మాత్రం, "ప్లాటు అమ్మినాం సార్. ఇది పోతే మళ్లీ పెట్టేదానికి ఏమీ లేదు" అన్నాడు. కొడుకు అడిగినదానికి జవాబు తండ్రి మాటలోనే ఉందని నాకనిపించింది. ఈ వ్యాసం ఆయన కోసమే రాస్తున్నాను.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ముందు చెప్పాలి. టీవీలో, ఫోన్‌లో రోజూ కనపడే పెద్ద బ్రాండ్లలో చాలావరకు మనలాంటి వాళ్లకు దొరకవు. డామినోస్ 1996లో ఢిల్లీలో తొలి షాపు తెరిచింది. ఇండియాలో దాని హక్కులన్నీ జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ అనే ఒకే కంపెనీవి, షాపులను ఆ కంపెనీయే నడుపుతుంది. దక్షిణాదిలో, పశ్చిమ రాష్ట్రాల్లో మెక్‌డొనాల్డ్స్ అంటే వెస్ట్‌లైఫ్ ఫుడ్‌వరల్డ్. బర్గర్ కింగ్ అంటే రెస్టారెంట్ బ్రాండ్స్ ఏషియా. కేఎఫ్‌సీ, పిజ్జా హట్ వెనక ఉన్నవి దేవయాని ఇంటర్నేషనల్, సఫైర్ ఫుడ్స్. ఇవన్నీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీలు. కడప కోటిరెడ్డి సర్కిల్లోనో, అనంతపురం సప్తగిరి సర్కిల్లోనో, కర్నూలు రాజ్ విహార్ సెంటర్లోనో మీకు మంచి బిల్డింగ్ ఉంటే వీళ్లకు అద్దెకు ఇవ్వొచ్చు. షాపు మాత్రం మీ పేరు మీదికి రాదు.

అందుకే ఎవరైనా ఫోన్ చేసి, ఫలానా పెద్ద పిజ్జా బ్రాండో చికెన్ బ్రాండో మీ ఊళ్లో ఇప్పిస్తాం, రిజిస్ట్రేషన్ కింద ఇంత కట్టండి అంటే అక్కడే ఆగండి. అచ్చం కంపెనీ వెబ్‌సైట్‌లా ఉండే నకిలీ సైట్లు పెట్టి, అప్రూవల్ లెటర్ కూడా పంపి డబ్బు లాగేసే ముఠాలు ఉన్నాయి. డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చేస్తే ఆ డబ్బును బ్యాంకులోనే ఆపించే అవకాశం ఉంటుంది.

ఇక మనకు దొరికేవి రెండో వరస, మూడో వరస బ్రాండ్లు. వీటిలో మంచివి లేవని నేను అనను. మంచిదేదో, కానిదేదో రుచి చూసి, లోగో చూసి తేల్చడం కష్టం. నేను చూసేది ఒక్కటే: ఆ కంపెనీ మన అమ్మకాల మీద బతుకుతోందా, మనం చేరేటప్పుడు కట్టే డబ్బు మీద బతుకుతోందా?

అమెరికాలో సబ్‌వే తన ఫ్రాంచైజీల అమ్మకాల్లో 8 శాతం రాయల్టీగా, ఇంకో 4.5 శాతం ప్రకటనల ఖర్చు కింద తీసుకుంటుంది. వినడానికి చాలా ఎక్కువే. కానీ షాపు అమ్మితేనే కంపెనీకి ఆ డబ్బు. షాపు ఖాళీగా ఉంటే కంపెనీకీ నష్టమే. మన దగ్గర అమూల్ పార్లర్లది ఇంకో పద్ధతి. రాయల్టీ అడగరు. కంపెనీ తన సరుకు మీద సంపాదిస్తుంది, పార్లర్ వాళ్లకు మార్జిన్ ఇస్తుంది. పాల ప్యాకెట్ల మీద సుమారు 2.5 శాతం, పాల ఉత్పత్తుల మీద 10, ఐస్‌క్రీముల మీద 20 అని వాళ్లే చెబుతారు. మార్జిన్ తక్కువే అయినా, మీరు అమ్మకపోతే వాళ్లకూ ఏమీ రాదు.

ఇప్పుడు ఆ అబ్బాయి ఫోన్‌లో ఉన్న ఒక బ్రోచర్ చూడండి. పెద్ద అక్షరాలతో 'రాయల్టీ లేదు' అని ఉంది. కింద ఫ్రాంచైజీ ఫీజు, మెషీన్లు తమ దగ్గరే కొనాలి, ఇంటీరియర్ తమ మనుషులే చేస్తారు, ట్రైనింగ్ చార్జీలు వేరే. అంటే షాపు రిబ్బన్ కట్ చేసే రోజుకే కంపెనీకి రావలసిందంతా వచ్చేసింది. రెండో నెలలో గిరాకీ లేదని ఫోన్ చేస్తే ఎత్తాల్సిన అవసరం వాళ్లకు ఏముంది? రాయల్టీ లేదంటే లాభం అనుకుంటాం. నా అనుభవంలో, మనకు పంపే సరుకు మీద కూడా సంపాదించకుండా, రాయల్టీ లేదనే కంపెనీ దగ్గరే ఎక్కువ భయపడాలి.

'మీరు పెట్టుబడి పెట్టండి చాలు, నడిపేది మేము, నెలకు ఇంత గ్యారంటీ' అనే స్కీముల సంగతీ అంతే. ఆ గ్యారంటీ డబ్బు షాపు గల్లాపెట్టె లోంచి వస్తోందా, కొత్తగా చేరేవాళ్ల ఫీజుల్లోంచి వస్తోందా అన్నది అడగాలి. రెండోదైతే చేరేవాళ్లు తగ్గిన నెలే గ్యారంటీ ఆగిపోతుంది.

నా దగ్గర లెక్కలు రాయించుకున్న ఒకాయన ఇలాంటి బ్రాండ్‌నే తీసుకున్నాడు. పధ్నాలుగు నెలలకు షట్టర్ దించాడు. సామాన్లు లిస్టు రాయడానికి నేను వెళ్లాను. గోడంతా పెద్ద బర్గర్ బొమ్మ, దాని కింద లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. రెండు డీప్ ఫ్రయ్యర్లలో ఒకటి నెలకు పది రోజులు కూడా వాడలేదని, లోపల స్టీలు ఇంకా మెరుస్తోందని ఆయన చూపించాడు. పాత సామాన్లు కొనేవాడు వచ్చి, కొన్నదాంట్లో నాలుగో వంతు ధర చెప్పాడు. ఆ గోడ బొమ్మకు, ఫాల్స్ సీలింగుకు, లోగో బోర్డుకు పైసా రాలేదు. ఇంటీరియర్ మీద పెట్టిన డబ్బు షాపు తెరిచిన రోజే పోయినట్టు లెక్కేసుకోవాలని ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

లెక్క దగ్గరికి వద్దాం. ఆ తండ్రీకొడుకుల ముందు తెల్లకాగితం మీద వేసిన లెక్కే ఇది. అంకెలు ఊహించుకున్నవే గానీ మా ఊరి రేట్లకు దగ్గరగానే ఉంటాయి. రోజుకు 12,000 రూపాయల అమ్మకం అనుకున్నాం, అంటే 200 చొప్పున 60 బిల్లులు. నెలకు 3,60,000. సరుకు, ప్యాకింగ్ కలిపి 45 శాతం పోతే 1,62,000. రాయల్టీ 6 శాతం, 21,600. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,888. అద్దె 45,000, దాని మీద జీఎస్టీ 8,100. ఐదుగురు పనివాళ్లకు 65,000. కరెంటు, ఏసీ 25,000. అమ్మకాల్లో మూడో వంతు స్విగ్గీ, జొమాటోల మీద జరిగితే కమీషన్లకు ఇంకో 30,000. మొత్తం కలిపితే 3,60,588. నెలంతా షాపు నడిపితే చేతి నుంచి 588 రూపాయలు పడింది. బ్యాంకు లోను ఉంటే ఆ ఈఎంఐ దీనికి అదనం.

అదే రోజుకు 90 బిల్లులైతే? అద్దె, జీతాలు, కరెంటు పెద్దగా మారవు. నెలకు దాదాపు 70 వేలు మిగులుతుంది. షాపు బతకడానికీ మునగడానికీ మధ్య తేడా రోజుకు ముప్పై బిల్లులు. బ్రోచర్లో రోజుకు 25,000 అమ్మకం అని వేసి లాభం చూపిస్తారు. ఆ 25,000 ఏ ఊళ్లో, ఏ సెంటర్లో, ఏ నెలలో వచ్చిందో మాత్రం ఉండదు.

ఈ లెక్కలో జీఎస్టీని చాలామంది పట్టించుకోరు. 2017 నవంబర్ నుంచి మామూలు రెస్టారెంట్లకు 5 శాతం పన్ను. కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే ఫ్రాంచైజీ ఫీజు మీద, రాయల్టీ మీద, అద్దె మీద కట్టే 18 శాతం తిరిగి రాదు, అది మన ఖర్చే. 5 లక్షల ఫీజు అని చెబితే మనం కట్టేది 5,90,000. అద్దె విషయంలో 2024 అక్టోబర్ నుంచి ఇంకో మార్పు వచ్చింది. బిల్డింగ్ ఓనరుకు జీఎస్టీ నంబర్ లేకపోయినా, రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉన్న అద్దెదారు ఆ పన్ను తానే కట్టాలి. ఓనరుతో మాట్లాడేటప్పుడే దీన్ని అద్దెలో కలిపి చూసుకోవాలి.

ఇప్పుడు ఊరి సంగతి. మన సీమలో 'ఫాస్ట్‌ఫుడ్' అంటే సాయంత్రం ఆరింటికి వెలిగే బండి. పెద్ద మంట, ఇనుప బాణలి, ఎగ్ నూడుల్స్, గోబీ మంచూరియా, చికెన్ ఫ్రైడ్ రైస్. అద్దె దాదాపు లేదు, ఏసీ లేదు, రాయల్టీ అసలే లేదు. కొత్త షాపుకు అసలు పోటీ ఆ బండే. పొద్దున పూట అయితే కారం దోశ, ఉగ్గాణి బజ్జి దగ్గరికి ఏ బర్గరూ చేరలేదు. కాబట్టి షాపుకు దొరికేది సాయంత్రం పూట ఓ ఐదు గంటల సమయమే. అందులోనూ శని, ఆదివారాల మీదే భారం.

ఏడాది పొడుగునా ఆ గిరాకీ ఒకేలా ఉండదు. శ్రావణంలో, కార్తీకంలో చికెన్ తినేవాళ్లు తగ్గుతారు. నవంబర్ నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్న ఇంట్లో ఇల్లంతా శాకాహారమే. రంజాన్ నెలలో కడపలో, కర్నూలులో పగలు వ్యాపారం పడిపోయి రాత్రి పుంజుకుంటుంది. రాత్రి పొద్దుపోయేదాకా షాపు తెరవనివ్వని కంపెనీ అయితే ఆ గిరాకీ పోయినట్టే. చికెన్ హలాల్ అని సర్టిఫికెట్‌తో చూపించలేని బ్రాండ్ కడపలో తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు సాయంత్రం ఏడు దాటేదాకా రోడ్డు మీద మనిషి కనపడడు, ఏసీ బిల్లు మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. అనంతపురంలో జేఎన్‌టీయూ, ఎస్‌కే యూనివర్సిటీ పిల్లల్ని నమ్ముకుంటే సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు రాష్ట్రమంతా చికెన్ గిరాకీ పడిపోయింది. అందుకే ఒక్క ఫ్రైడ్ చికెన్ మీదే నడిచే బ్రాండ్ కన్నా, మెనూలో సగమైనా శాకాహారం ఉన్నదాన్ని తీసుకోమంటాను.

సరుకు లారీ గురించి కూడా అడగాలి. కర్నూలు, అనంతపురం రెండూ హైదరాబాద్ - బెంగళూరు హైవే మీద ఉన్నాయి. కడప ఆ దారిలో లేదు. ఫ్రోజెన్ సరుకు వారానికి ఎన్నిసార్లు వస్తుంది, దారిలో కరిగిపోతే ఎవరు భరిస్తారు, కనీసం ఎంత ఆర్డర్ పెట్టాలి? కడప లాంటి ఊరికి ఒక్క షాపు కోసం లారీ పంపడం కంపెనీకే గిట్టుబాటు కాదు. మూడు నెలలు పంపి, తర్వాత బస్సు పార్సెల్‌లో వేస్తామంటారు. ఊళ్లో, పక్క ఊళ్లలో ఆ బ్రాండ్ షాపులు ఇంకేవైనా ఉంటే అది పోటీ అని చాలామంది భయపడతారు. నాకైతే లారీ వస్తుందన్న భరోసా కనపడుతుంది. మన వీధిలోనే ఇంకొకరికి ఇవ్వకుండా అగ్రిమెంటులో ఎన్ని కిలోమీటర్లని రాయించుకుంటే చాలు.

అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మాలంటే ఒక నియమం ఉంది. సంతకానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీ తన వివరాలన్నీ రాసిన పత్రం ఇవ్వాలి. కోర్టు కేసులు, ఎన్ని షాపులు తెరిచారు, ఎన్ని మూసేశారు, పాత ఫ్రాంచైజీల ఫోన్ నంబర్లు, అన్నీ అందులో ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టమే లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కిందే ఒప్పందం నడుస్తుంది. అంటే అగ్రిమెంటులో ఏది రాసి ఉంటే అదే. ఇక్కడ ప్రభుత్వం జోక్యం చేసుకోవాలన్నది నా అభిప్రాయం. ప్లాటు అమ్మి తెచ్చిన డబ్బు పెట్టే మనిషికి, మూతపడిన షాపుల లెక్క చూసే హక్కయినా ఉండాలి. చట్టం వచ్చేదాకా మనమే అడగాలి. నడుస్తున్న షాపుల వాళ్లతో కంపెనీయే మాట్లాడిస్తుంది. మూసేసిన ముగ్గురి నంబర్లు ఇవ్వమనండి.

అగ్రిమెంటు ఎన్నేళ్లో, బిల్డింగ్ లాక్-ఇన్ (ఇన్నేళ్ల దాకా ఖాళీ చేయకూడదనే షరతు) ఎన్నేళ్లో పక్కపక్కన పెట్టి చూడండి. బ్రాండ్ మూడేళ్లకు, అద్దె లాక్-ఇన్ ఐదేళ్లకు ఉంటే ఆ రెండేళ్లు మీ మెడకే.

ఆ అబ్బాయికి రెండు పనులు చెప్పాను. తాను అనుకున్న షాపు ఎదురుగా సాయంత్రం ఆరు నుంచి పది దాకా నిలబడి, పక్కనున్న రెండు షాపుల్లోంచి చేతిలో కవరుతో ఎంతమంది బయటికి వస్తున్నారో లెక్కపెట్టమన్నాను. ఒక మంగళవారం, ఒక శనివారం, ఒక ఆదివారం. మంగళవారం 41, శనివారం 58, ఆదివారం 87 అని రాసుకొచ్చాడు, రెండు షాపులూ కలిపి. రెండో పని, తనకు బాగా నచ్చిన బ్రాండ్ వాళ్లను మూతపడిన షాపుల నంబర్లు అడగడం. "తప్పకుండా పంపిస్తాం, ముందు టోకెన్ అమౌంట్ కట్టండి, ఆఫర్ ఈ నెలాఖరు దాకే" అన్నారట. నెలాఖరు దాటి మూడు వారాలైంది. నంబర్లు రాలేదు, టోకెన్ కట్టలేదు. ప్లాటు డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, తండ్రి ఆ రసీదు జిరాక్స్ నా ఫైల్లో పెట్టి వెళ్లాడు. మోమోల బ్రాండ్ ఒకటి నంబర్లు ఇచ్చిందని, ఈ ఆదివారం కర్నూలు వెళ్లి ఆ షాపు మూసేసినాయనతో మాట్లాడతానని అబ్బాయి చెప్పాడు.